చూపించని ముందు భాగం

థియేటర్లో ప్రొజెక్టరు తిప్పే ఆపరేటరు అంతరిక్షం సినిమాలంటే పడిచచ్చేవాడు. నక్షత్రాన్ని ఆర్పేసి ఒక లోకం లోకాన్నే చీకట్లో చంపిన సేనాపతి కథ ఒకటి కొన్ని భాగాలుగా వచ్చింది. ముందు వాడి దుర్మార్గం తీశారు, వాడు మంచి కుర్రాడిగా ఉన్నప్పటి కథ ఏళ్ల తర్వాత తీశారు. వచ్చిన వరసలో చూడాలా, జరిగిన వరసలో చూడాలా అని క్యాంటీన్ వాడితో గొంతు చించుకునేవాడు ఆపరేటరు. తమ్ముడి కూతురికి మాత్రం జరిగిన వరసలోనే చూపించాడు, మహా తెలివైనవాడు మరి. పిల్ల ఆ కుర్రాడి మీద ప్రాణం పెట్టుకుంది. తీరా వాడు నక్షత్రాన్ని ఆర్పేసరికి అన్నం మానేసి ఏడ్చింది.

ఆ పిల్ల తండ్రి విషయంలోనూ ఇదే నిర్వాకం. తమ్ముడు బట్టల మిల్లులో సూపర్‌వైజరు. ఒకరోజు పనివాళ్లు లోపలుండగానే మిల్లు తలుపుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని బయటికెళ్లాడు. మంటలు లేచాయి. లోపలివాళ్లు లోపలే కాలిపోయారు. తమ్ముడు జైలుకెళితే, తల్లి లేని ఆ పిల్లని "మీ నాన్నంత మంచివాడు లేడు, దూరంగా ఉద్యోగం చేస్తున్నాడు" అంటూ పెంచాడు ఆపరేటరు. అసలు సంగతి స్కూల్లో ఎవరో చెప్పారు. అప్పట్నుంచి నాన్న అన్న మాట ఆమె నోట రాలేదు.

ఏళ్లు గడిచాయి. జైలు నుంచి విడుదలైన తమ్ముడు ఇప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. నేడో రేపో అన్నారు డాక్టర్లు. ఒక్కసారి కూతుర్ని చూపించమని అన్న చెయ్యి వదలడు.

ఆ రోజు తమ్ముడు వెళ్లింది షికారుకి కాదు. పసిదానికి జ్వరం ముదిరి ఫిట్స్ వచ్చాయని ఆపరేటరే కబురు పెట్టాడు. సూపర్‌వైజరు లేనప్పుడు తలుపుకి తాళం ఉండాలన్నది యజమాని హుకుం. ఈ సంగతి అన్నదమ్ములిద్దరికే తెలుసు. పిల్ల జ్వరం ఊసు ఎవరి దగ్గరా, ముఖ్యంగా పిల్ల దగ్గర, ఎత్తనని అన్న చేత తమ్ముడు ఒట్టు వేయించుకున్నాడు.

తమ్ముడి కూతురు పనిచేసే టైలరు షాపుకి వెళ్లాడు ఆపరేటరు.

"రా తల్లీ. పోయేవాడి మీద పంతమేంటి?"

ఆమె కత్తెర ఆపలేదు. "లోపల పోయినవాళ్లకీ పిల్లలున్నారు పెదనాన్నా. వాళ్లు నన్ను చూసే చూపు నీకు తెలుసా?"

"ప్రతివాడికీ ముందు కథంటూ ఒకటుంటుంది కదమ్మా. ఆ సేనాపతికి కూడా..."

"ఆ కబుర్లు నాకు చెప్పకు. ముందు భాగం తీసేవాళ్లు ఎప్పుడూ ఏదో సాకు అతికిస్తారు. బిడ్డ ప్రాణం మీదికొచ్చింది, అందుకే చేశాడంటారు. మరి ఆ బిడ్డ గతేంటి? అందరి చావూ నెత్తినేసుకుని బతకాలా?"

ఆపరేటరుకి మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొస్తుంది. ఆ తర్వాత జన్మలో కంటినిండా నిద్రపోదు. చెప్పకపోతే తమ్ముడు కళ్లు కాయలు కాచేలా చూసి చూసి పోతాడు. ఎటు తిరిగినా ఒకరి గొంతు కోయాల్సిందే, ఏం బతుకయ్యా ఇది. లేచాడు.

"సరేలే తల్లీ. పని చూసుకో."

ఆసుపత్రిలో తమ్ముడు గుమ్మం వైపే చూస్తున్నాడు. "వచ్చిందా?"

"వస్తోందిరా. దార్లో ఉంది."

తమ్ముడు అన్న మొహంలోకి చూశాడు. "ఆ సంగతి చెప్పేశావా?"

"లేదు."

"మంచిపని చేశావన్నయ్యా," అన్నాడు. కాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత, "తలుపు మాత్రం వేయనివ్వకు. తీసే ఉంచు," అన్నాడు.

సాయంత్రానికి ప్రాణం పోయింది. నర్సు అతని మొహం మీద దుప్పటి కప్పి, గది తలుపు వేయబోయింది. ఆపరేటరు చెయ్యి అడ్డం పెట్టాడు.