వెనుక సగం కప్పు

మా చర్చి మరమ్మతు సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పంతొమ్మిది వందల అరవైలలో నేను పాలమూరు జిల్లాలోని ఒక ఊళ్లో మిషన్ బడి పంతులమ్మను. బడి పక్కనే పాత రాతి చర్చి. మిషనరీ దొరలు కట్టించారని అందరూ గొప్పగా చెప్పేవారు. కట్టించింది దొరలే. రాళ్లెత్తింది మాత్రం కరువు కాలంలో గంజి కోసం వచ్చిన చుట్టుపక్కల వాడల జనం. ఆ జనమే ప్రతి ఆదివారం నడిచొచ్చి, వెనుక చాపల మీద కూర్చునేవారు. ముందు బెంచీలు ఊళ్లో ఉద్యోగస్తులవి.

కప్పు దూలాలకు చెదలు పట్టాయి. అంతా ఒకేసారి బాగు చేసే శక్తి సంఘానికి లేదు. మొదట ముందు సగం కప్పు, తరువాత గోడలు, ఆఖరున వెనుక సగం కప్పు అని తీర్మానించారు. దగ్గరే ఉంటాను కాబట్టి పని చూసుకోమని నాకు అప్పగించారు. ముందు సగం కప్పు పూర్తయింది. గోడలకు గానుగ సున్నం పట్టించాం. వెనుక కప్పుకు టేకు కట్టె తెప్పించి బడి వరండాలో పేర్పించాను.

ఒక మధ్యాహ్నం పాఠం ముగించి బయటికి వస్తే, ఆ కట్టె బండికెక్కుతోంది. పక్కనే సంఘ పెద్ద నిలబడి ఉన్నాడు. సర్కారు నౌకరీ చేసి రిటైరైన మనిషి, పాస్టరు అయ్యగారు కూడా ఆయనకు ఎదురు చెప్పరు.

"అయ్యా, గిది వెనుక కప్పుకు తెచ్చిన కట్టె. ఎటు తీస్కపోతున్నరు?"

"బెంచీలకమ్మా. బాగుజేసిన చర్చి ప్రతిష్ఠ ఆరాధనకు పెద్ద సార్లు వస్తున్నరు. గా పాత బెంచీల మీద కూసోబెడ్తమా? వెనుకది వచ్చే యేడు జూద్దాం."

"వానకాలమొస్తాంది. వాళ్లు తడుస్తరు."

"తడిస్తే ఏమైతది? పొలంల తడుస్తలేరా?"

అయ్యగారి దగ్గరకు పరుగెత్తి చెప్పాను. ఆయన కళ్లు దించుకొని, "జర ఓపిక పట్టమ్మా" అన్నారు. ఓపిక ఎప్పుడూ వెనుక కూర్చునేవాళ్ల వంతే ఎందుకని గట్టిగానే అడిగాను.

ప్రతిష్ఠ నాడు పొద్దున్నే వాన పట్టుకుంది. ముందు కొత్త బెంచీలు, పూలదండలు, అధికారులు. వెనుక పెంకుల సందుల్లోంచి ధారలు. చాపలు నానిపోయాయి. ఒక ముసలమ్మ కొంగుతో మనవరాలి నెత్తి కప్పి, గోడకు ఒదిగి కూర్చుంది. పాట సగంలో ఉండగానే నేను లేచి వెనక్కి నడిచాను.

"లేవుండ్రి. ముంగటికి రాండ్రి."

"వొద్దు బిడ్డా, గాళ్లు తిడ్తరు" అంది ముసలమ్మ.

"తిట్టనియ్యి. గీ గోడకు రాళ్లు మోసినవా, లేదా?"

"మోసిన. మా పెద్దోడు కడుపుల ఉండంగ మోసిన." ఆ మాట అంటూనే ఆమె లేచింది. ఆమె వెనుక అందరూ లేచారు.

తడి బట్టలతోనే వచ్చి కొత్త బెంచీల మీద కూర్చున్నారు. వచ్చిన అధికారుల్లో ఒకాయన జరిగి చోటిచ్చాడు. నా దగ్గర చదువుకునే పిల్లల తల్లులే చీరలు దగ్గరికి లాక్కొని లేచిపోయి, గోడ వారన నిలబడ్డారు. వాళ్లను చూశాక నా కోపం సంఘ పెద్దను దాటిపోయింది.

ఆరాధన అయ్యాక ఆయన అరిచాడు. "గుడి పరువు దీసినవ్!"

"పరువు వెనుక కారుతాంది. పోయి చూసి రాండ్రి."

ఆ వారంలోనే పని నా చేతిలోంచి తీసేశారు. వచ్చే యేడు అన్నది రానేలేదు. ఆ తరువాతి ఎండాకాలం వాడల జనమే తాటి దూలాలు కోసి తెచ్చి, కూలి మానుకొని వెనుక కప్పు వేసుకున్నారు. నేను బడి అయిపోగానే పోయి పెంకులు అందించాను.

కప్పు పూర్తయ్యాక వచ్చిన ఆదివారం అయ్యగారు ప్రార్థనలో మరమ్మతు పూర్తి చేయించిన సంఘ పెద్దకు వందనాలు చెప్పారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.