కళ్ళలో వత్తులు

ప్రెస్సులో ఆమెను అసలు పేరుతో పిలిచి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. యజమాని దగ్గర్నుంచి కాగితం రీములు మోసేవాళ్ళ దాకా అందరికీ ఆమె వత్తులమ్మే. ఇరవై ఆరేళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతోంది. ఒక్క వత్తు కూడా ఆమె బల్ల దాటి తప్పించుకుపోయింది లేదు. కామా పోతే ఊరుకుంటుందేమో గానీ, 'అమ్మ' కింద మవత్తు లేదంటే మాత్రం ఆ పూట డీటీపీ గదిలో ఎవరికీ టీ గొంతు దిగదు. "కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తుందిరా మహాతల్లి, ఆ పేరు ఊరికే వచ్చిందా!" అనేవాళ్ళు మెషీన్ దగ్గరివాళ్ళు. అది పొగడ్తో దెప్పో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు. లోపల్లోపల మురిసిపోయేది, అంతే.

పగలంతా ఆమె చదివేవి సంఘాల వార్షిక నివేదికలు, లెక్కల గైడ్లు, నీటి పంపుల వాడకం గురించిన కరపత్రాలు. అవి చదివీ చదివీ మొద్దుబారిన బుర్రకి సాయంత్రం ఒకటే మందు, ఫాంటసీ నవలలు. రెక్కల గుర్రాలు, మాట్లాడే నదులు, నీడలు అమ్మే బజార్లు ఉంటే చాలు, అన్నం కూడా మర్చిపోయేది.

"యాభై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా ఈ రాక్షసులేంటే నీకు?" అనేవాడు భర్త. ఆయన బస్సు డిపోలో మెకానిక్.

"పొద్దుట్నుంచీ సంఘం కార్యదర్శి నివేదిక చదివినదానికి రాక్షసులు చుట్టాల్లా అనిపిస్తారండీ," అనేది ఆమె.

ఆయనకి చదువంటే కోపం లేదు. కానీ చదివితే కళ్ళు అరిగిపోతాయని గట్టి నమ్మకం. బ్రేకు అరిగినట్టు, టైరు అరిగినట్టు కళ్ళూ అరుగుతాయట. ఎవరేం చెప్పినా వినడు, మెకానిక్ కదా! ఆమె నమ్మకం ఇంకొకటి. ఎంత సబ్బు పెట్టి తోమినా ఆయన వేళ్ళ సందుల్లో నల్ల గ్రీజు పోదు కాబట్టి ఆయన చెయ్యి తన పుస్తకాల మీద పడకూడదు. ఒకసారి పడితే ఇల్లు పీకి పందిరేసింది. అప్పట్నుంచి ఆయన పుస్తకాల పక్కనుంచి నడిచేటప్పుడు కూడా చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు.

పుస్తకాలేమో మంచం పక్కన ఇనప్పెట్టె మీద పేర్చి ఉండేవి. మూడు కొనడం, ఒకటి చదవడం. దాంతో దొంతర పెరిగి పెరిగి కిటికీ దాకా వచ్చి, వెలుతురుకి అడ్డం పడింది. మొత్తం నలభై ఒకటి. అన్నిటికన్నా అడుగున ప్లాస్టిక్ కవరు కూడా చింపని ఏడు సంపుటాలు, 'ఏడు తలుపుల కోట'. వాటిని ఆరేళ్ళుగా దాచుకుంటోంది. చిన్నప్పట్నుంచీ పళ్ళెంలో బాగా ఇష్టమైనది ఆఖరికి తినే రకం ఆమె. ఇంకో నాలుగేళ్ళకి రిటైరవుతుంది. ఆ మర్నాడే కిటికీ పక్కన కుర్చీ వేసుకుని మొదటి తలుపు తెరవాలని ఎప్పుడో నిర్ణయించుకుంది.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి, కథంతా దాంతోనే వచ్చింది. సొంత నవలలైనా సరే, చేతిలో పెన్సిలు లేకుండా చదవదు. అచ్చుతప్పు కనబడితే మార్జిన్లో దిద్దేస్తుంది. ఆ దిద్దుబాటు చూసేవాళ్ళెవరూ లేకపోయినా సరే, దిద్దితేనే ఆమెకి నిద్ర పడుతుంది.

డీటీపీ గదిలో ఒక అమ్మాయి ఉంది. టైపింగ్ వేగం చూసి అందరూ మెరుపు అంటారు. వత్తులమ్మ దగ్గర నవలలు తీసుకెళ్ళి చదివేది. ఒక సోమవారం పుస్తకం తిరిగిస్తూ కాసేపు నసిగింది.

"అక్కా, ఏమనుకోకండి. ఉన్న వత్తుకి మళ్ళీ వత్తు పెట్టమన్నారేంటి?"

"ఎక్కడే?"

మెరుపు పేజీ తీసి చూపించింది. 'రాకుమారి గద్ద మీదెక్కి ఎగిరిపోయింది.' పక్కన మార్జిన్లో వత్తులమ్మ పెన్సిల్ గీత. దవత్తు పడలేదని గుర్తు. ఆ పేజీ ఆమెకి బాగా గుర్తుంది. రాకుమారి గద మీదెక్కి ఎగిరిందనుకుని, ప్రింటు చేసినవాణ్ణి తిట్టుకుని, ఒక్కతే పడీపడీ నవ్వింది కూడా.

"ఇదొక్కటే కాదక్కా. ఇలాంటివి నలభై దాకా ఉన్నాయి."

"ఓస్, ఇంతేనా! కళ్ళజోడు మార్చాలిలే," అని నవ్వేసింది వత్తులమ్మ. గుండె మాత్రం గుభేలుమంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. గ ఉంది. ద ఉంది. ద కింద తెల్లకాగితం. మసక లేదు, నల్లమచ్చ లేదు, అసలక్కడ ఎప్పుడూ ఏమీ అచ్చుకానట్టు శుభ్రంగా తెల్లగా ఉంది. చూపు కొంచెం కిందికి దించి, కింది లైను చూస్తున్నట్టు నటించింది. అప్పుడు దొంగలా పక్కనుంచి తొంగిచూసింది దవత్తు. మళ్ళీ నేరుగా చూస్తే లేదు. ఆ కిటికీ ఊచ పట్టుకునే ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు.

కళ్ళాసుపత్రికి భర్తకి చెప్పకుండానే వెళ్ళింది. అక్కడ ఒక గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించమని, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కాసేపు చుక్కలు బాగానే వచ్చాయి. తర్వాత రాలేదు. యంత్రం మాత్రం టిక్కుటిక్కుమంటూనే ఉంది. అంటే చుక్కలు వస్తున్నాయి, తనకే కనబడట్లేదన్నమాట. భయం పుట్టి, పరీక్షలో కాపీ కొట్టే పిల్లలా ఆ టిక్కుల చప్పుడు విని నొక్కడం మొదలుపెట్టింది.

"అమ్మా, అలా ఊరికే నొక్కకండి. నిజంగా కనపడితేనే నొక్కండి," అంది పరీక్ష చేసే ఆవిడ. సిగ్గుతో చచ్చిపోయింది వత్తులమ్మ.

"కంటి నరం దెబ్బతింటోంది. చూపుకి కొద్దిగా కిందున్న భాగం పోయింది," అన్నాడు డాక్టరు. "పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకుందాం. ఈ చుక్కలు రోజూ రెండుపూటలా వెయ్యండి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం."

"ఎంతకాలం చదవగలనండీ?"

"ముప్పై ఏళ్ళు చదవొచ్చు. చదవలేకపోవచ్చు కూడా. ఇప్పుడే చెప్పలేనమ్మా."

ముప్పై ఏళ్ళన్న మాట ఆమె చెవికి ఎక్కలేదు. రెండోదే ఎక్కింది. ఇంటికొచ్చి చుక్కల సీసా పెన్సిళ్ళ డబ్బాలో దాచింది. భర్తకి తెలిస్తే 'చూశావా, అరిగిపోయాయి!' అంటాడు. ఆ దొంతరంతా అటక మీదికి ఎక్కించేస్తాడు. ప్రేమతోనే ఎక్కిస్తాడు, అదే ఆమె భయం. కోపంతో చేస్తే పోట్లాడొచ్చు.

ప్రెస్సులో తలనొప్పని చెప్పి, ప్రూఫులన్నీ చాటుగా మెరుపుకి ఇంకోసారి చూపించసాగింది. ఇంట్లో మాత్రం ఒకటే ప్రశ్న. ఇప్పుడు ఏది చదవాలి? ఇన్నాళ్ళూ అది ముద్దొచ్చే ప్రశ్న. మూడు పుస్తకాలు ఒళ్ళో వేసుకుని, ఒక్కోదాంట్లో మొదటి పేజీ చదివి, ఒకదాన్ని ఎంచుకోవడం ఆమెకి ఓ ముచ్చట. ఇప్పుడు దొంతర వైపు చూస్తేనే లెక్కలు మొదలవుతున్నాయి. గంటకి ముప్పై పేజీలు చదివేది ఎనిమిదికి దిగింది. అది కూడా అరగంటకే కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఆ లెక్కన నలభై ఒక్క పుస్తకాలకి పదకొండేళ్ళు పడుతుంది. అన్నాళ్ళు కళ్ళుండాలి కదా!

ముందు అక్షరం సైజును బట్టి పేర్చింది. చిన్నక్షరాలవి ఇప్పుడు, పెద్దక్షరాలవి తర్వాత. తీరా చూస్తే పైకి తేలినవి మూడూ తోటికోడలు ఇచ్చినవి. ఒక్కోటి ఇటుకంత ఉంది, అన్నిట్లో యుద్ధాలే. ఉన్న కాస్త చూపూ తోటికోడలి యుద్ధాలకి ధారపొయ్యాలా? ఛీ, పొమ్మని కూల్చేసింది. తర్వాత సన్నవి ముందు, లావువి వెనక పేర్చింది. అదీ నచ్చలేదు. 'గాజు అడవి' తీసి పక్కన పెట్టింది, 'నీడల కాపరి' పైన పెట్టింది, మళ్ళీ తీసింది. పదిరోజులు పేర్చడమే సరిపోయింది, నాలుగు పేజీలు చదివింది లేదు.

"అక్కా, బాగా ఇష్టమైనదే ముందు చదివెయ్యండి," అంది మెరుపు. అన్నీ తెలిసింది ఆ అమ్మాయికొక్కదానికే.

"ఏడు సంపుటాలే! నాలుగో తలుపు దగ్గర చూపు పోతే? మిగతా మూడు తలుపుల వెనక ఏముందో తెలియకుండా బతకాలా?"

అది పైకి చెప్పిన భయం. లోపల ఇంకోటుంది. దాచుకున్నదాన్ని ఇప్పుడు బయటికి తీస్తే, దాచుకునే రోజులు అయిపోయాయని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. అందుకే ఆ ప్లాస్టిక్ కవరు మీద చెయ్యి వేస్తుంది, తీసేస్తుంది.

ఆదివారం పొద్దున చుక్కలు వేసుకుని అద్దంలో చూసుకుంది. పిరికిదానా, అని తిట్టుకుంది. నేరుగా వెళ్ళి, దొంతరంతా నేల మీదికి దించి, అడుగునున్న కవరు బర్రుమని చింపేసింది.

భర్త గుమ్మం దగ్గర కూర్చుని కుక్కర్ పిడి బిగిస్తున్నాడు. "అదేంటే, రిటైరయ్యాకన్నావుగా?"

"మనసు పుట్టింది."

కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. మొదటి వాక్యం: 'కోట ఏడో తలుపు వెనకాల ఒక గుడి రాజు ఉండేవాడు.' ఆహా, అనుకుంది. గుడిలో కాపురముండే రాజన్నమాట! రాతి స్తంభాలు, గంటలు, మధ్యలో సింహాసనం, అన్నీ కళ్ళముందు కట్టేసుకుంది. రెండో పేజీ, మూడో పేజీ. ఎక్కడా తట్టుకోవడం లేదు. 'అమ' అని కనబడితే మనసే 'అమ్మ' అని నింపుకుంటోంది. నాలుగో పేజీకి ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతో. మందు పనిచేస్తోంది! డాక్టరుకేం తెలుసు, తనకింకా ముప్పై ఏళ్ళున్నాయి.

ఐదో పేజీలో రాజుగారి కొడుకు పన్నెండేళ్ళ తర్వాత ఇంటికొచ్చాడు. నిండుసభలో, పట్టపగలు, రాజు సింహాసనం దిగి కొడుకు మొహం వేళ్ళతో తడిమాడు. నుదురు తడిమాడు, ముక్కు తడిమాడు, 'వీడు నా కొడుకే' అని భోరుమన్నాడు.

ఎదురుగా ఉన్నవాణ్ణి తడమడమేంటి, అనుకుంది వత్తులమ్మ. రచయిత పొరపాటు పడ్డాడని పెన్సిలు కూడా ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మెల్లగా మొదటి పేజీకి వెనక్కి వెళ్ళింది.

గు ఉంది. డి ఉంది. కింద తెల్లకాగితం.

గద అయితే తప్పని తెలిసింది. నవ్వొచ్చింది, దిద్దింది. ఇది తప్పులా లేదు. ఇంత చక్కగా అర్థమైంది, ఐదు పేజీలు హాయిగా నడిచింది. ఇలాంటివి ఇంకెన్ని చదివేసింది? ప్రెస్సులో ఎన్ని దాటించేసింది? చూపు కిందికి దించి చూసింది. ఏదో నల్లగా మెదిలి మాయమైంది. అది వత్తో, తన భయమో తెలియలేదు. ఇంకోసారి చూసింది. కళ్ళు నీళ్ళు కమ్మేశాయి.

"ఏమండీ," అంది. "ఒకసారి ఇటు రండి. ఈ మాట కింద వత్తుందా?"

ఇరవై ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఆమె ఇంకొకళ్ళని అడగలేదు. ఆయన పాత బనీనుకి చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"బాగుంది! నేను ప్రూఫులు దిద్దితే రేపట్నుంచి నువ్వు బస్సుల కింద దూరతావా?" అంటూ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. అలవాటుగా చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు. "ఏ మాట?"

"మొదటి లైను. రాజుకి ముందు మాట. చెయ్యి పెట్టి చూడండి, ఫర్వాలేదు."

ఆయన ఆమె వైపు వింతగా చూశాడు. తర్వాత నల్లటి వేలు తీసుకొచ్చి తెల్లటి పేజీ మీద, ఆ మాట కింద జాగ్రత్తగా ఆనించాడు.

"ఉందిగా! ఇంత లావున ఉంది. డకి డవత్తు." బడిపిల్లాడిలా కూడబలుక్కుని చదివాడు. "గు...డ్డి. గుడ్డి రాజు." నవ్వుతూ ఇంకోసారి అన్నాడు. "గుడ్డి రాజు ఉండేవాడు. ఇది కూడా కనపడలేదా వత్తులమ్మకి?"

ఆమె ఇంకా ఆ మాట వైపే చూస్తోంది. ఆయన తలెత్తి చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"నిజంగానే కనపడట్లేదా?"

కళ్ళజోడు పవర్ మారిందని, వెలుతురు చాలట్లేదని, నిద్ర చాలలేదని చెప్పడానికి ఆమె పదిరోజులుగా మాటలు సిద్ధం చేసుకునే ఉంది. ఒక్కటీ నోటికి రాలేదు.

"కనపడట్లేదు," అంది.

ఆయన అరిగిపోయాయనలేదు. వేలు అక్కడే ఉండిపోయింది, దాని చుట్టూ కాగితం మీద గ్రీజు మరక మెల్లగా పాకింది. కాసేపటికి ఆయన దాన్ని చూసుకుని, కంగారుగా చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

ఆమె ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వేలు తియ్యకండి," అంది. "భయమేస్తోందండీ. తర్వాతి మాటేంటో చదవండి."