సంచి దారిలో కుట్టు

మా తాతయ్యని అందరూ గాలి డాక్టరు అనేవాళ్లు. కారు దేనికైనా గుద్దుకున్నప్పుడు గుప్పున ఉబ్బి మనిషికి అడ్డుపడే సంచులుంటాయి కదా, ఎయిర్‌బ్యాగులు, వాటిని పరీక్షించడం, పాడైనవి మార్చడం ఆయన పని. ఆ పేరు విని సైకిలు టైరులో గాలి కొట్టమని వచ్చేవాళ్లు కూడా ఉండేవాళ్లు. ఆయన విసుక్కునేవాడు కాదు. "నా దగ్గర గాలి ఒక్కసారే వస్తుంది నాయనా. నీకు రోజూ వచ్చేది కావాలి. మలుపులో పంపుంది, అక్కడికెళ్లు" అని దారి చూపించేవాడు.

పని మొదలుపెట్టడమే ఒక తతంగం. కారు తాళం తీసేసి, బ్యాటరీ తీగ విప్పి, పక్కనే స్టూలు వేసుకుని ఊరికే కూర్చునేవాడు. సంచుల్ని పేల్చే పెట్టెలో, బ్యాటరీ తీసేశాక కూడా కాస్త కరెంటు దాగి ఉంటుందట. అది దిగిపోయేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. కారు తెచ్చినవాళ్లు గడియారం చూసుకుంటూ చిందులు తొక్కుతుంటే ఈయన గోళ్లు చూసుకునేవాడు.

"ఏం పెద్దాయనా, పని మొదలుపెట్టరా?" అని అడిగితే, "మొదలుపెట్టాను బాబూ, ఇదే పని" అనేవాడు.

తెర అవతలి నుంచి అమ్మమ్మ అందుకునేది. "ఆ పనిలో ఆయన్ని మించినవాడు లేడు బాబూ. పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నాను."

తర్వాత లేచి, గోడ పక్కనున్న ఇనుప గొట్టాన్ని ఒకసారి ముట్టుకునేవాడు. బట్టల రాపిడికి ఒంట్లో చేరే కరెంటు అక్కడ వదిలేస్తే గానీ సంచి జోలికి పోకూడదు. అందుకే నూలు చొక్కాలు తప్ప వేసేవాడు కాదు. మా అమ్మ ముచ్చటపడి కొనిచ్చిన మెరుపుల చొక్కా బీరువాలోనే ముసలిదైపోయింది. సంచిని బయటికి తీశాక, పక్క తడిపిన పసిబిడ్డని ఎత్తుకున్నట్టు దాని మొహం అవతలికి తిప్పి, ఒంటికి దూరంగా పట్టుకుని నడిచేవాడు. బల్ల మీద వెల్లకిలా పెట్టేవాడు. బోర్లా పెట్టినప్పుడు ఖర్మ కాలి పేలిందంటే సంచి బల్లని తన్ని, దాని ఇనుప డిప్ప పైకప్పుకి ఎగురుతుందట. ఇంత నెమ్మది మనిషికీ ఒక్క మాటకి మాత్రం కోపం వచ్చేది. పేలిపోయిన సంచిని మడిచి మళ్లీ పెట్టేయమని ఎవరైనా అడిగితే, "పగిలిన గుడ్డుని మళ్లీ పెంకులో పోస్తావా?" అని ముఖం తిప్పేసుకునేవాడు.

షెడ్డు ఒకటే. మధ్యలో ఒక మందపాటి తెర. ఇటు తాతయ్య సంచులు, అటు అమ్మమ్మ కుట్టుమిషను. ఆవిడ కార్ల సీట్లకి కవర్లు కుట్టేది. తోలులాంటి బట్టకి మూడు పేటల నైలాను దారం ఎక్కించి, వెళ్లిన దారినే మళ్లీ వెనక్కి వచ్చేది. "మొగుడూ పెళ్లాలు విడిపోతారేమో గానీ నా కుట్టు విడిపోదు" అని వచ్చినవాళ్లకి చెప్పేది. ఆ మాట అన్నప్పుడల్లా తెర ఇవతల తాతయ్య దగ్గేవాడు.

తెర వెనక ఒక ఒప్పందం ఉంది. షెడ్డు పెట్టిన కొత్తలో తాతయ్య ఆవిడ కుట్టు చూసి, ఇక్కడ వంకర పోయిందన్నాడట. మర్నాడు ఆవిడ వచ్చి, ఈ పసుపు తీగలు ఇలా వేలాడుతున్నాయేమిటని, సంచికి వెళ్లే తీగనొకదాన్ని పట్టి లాగిందట. ఆయన జన్మలో ఆవిడ మీద అరిచింది అదొక్కసారే. అప్పటి నుంచి ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని మాట అనుకున్నారు. తెర మీదుగా మోకాళ్ల నొప్పుల గురించీ, పక్కింటివాళ్ల గురించీ, కూరలో ఉప్పు గురించీ రోజంతా కేకలేసుకునేవాళ్లు. పని గురించి మాత్రం ఒక్క ముక్క ఉండేది కాదు. వాళ్ల కాపురం అంత చల్లగా సాగడానికి ఆ తెరే కారణమని మేమంతా అనుకునేవాళ్లం.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక, టాక్సీ నడిపే హారన్ తన కారుని లారీకి తాళ్లతో కట్టి లాక్కొచ్చాడు. అతని అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో. నోరు మూతపడని మనిషి కాబట్టి స్టాండులో ఆ పేరు పెట్టారు. కూడలి దగ్గర వేరే లారీ ఒకటి ఎడమ పక్కగా వచ్చి కారుని గుద్దింది. హారన్‌కి గీత పడలేదు. పక్క సీట్లో కూర్చున్న అతని తమ్ముడికి పక్కటెముకలు విరిగి, ఒకటి ఊపిరితిత్తికి గుచ్చుకుంది. తమ్ముడు సరుకుల యార్డులో బస్తాలు మోసే మనిషి. ఆసుపత్రిలో ఛాతీకి గొట్టం పెట్టి పడుకోబెట్టారు. మళ్లీ బరువు ఎత్తగలడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు.

"సంచి పేలలేదు బాబాయ్" అన్నాడు హారన్. "పేలితే మావాడి పక్కన కనబడాలి కదా. ఏదీ? ఆ కంపెనీవాళ్లు ఉత్త డొల్ల పెట్టి అమ్మారు. నువ్వు చూసి ఒక్క మాట చెప్పు, వాళ్లని కోర్టుకీడుస్తాను."

తెర అవతల మిషను ఆగింది. "సరిగ్గా చూడండి" అంది అమ్మమ్మ. "బంగారంలాంటి పిల్లాడు. ఆ కంపెనీవాళ్లని వదలకూడదు."

తాతయ్య రేపు రమ్మన్నాడు. హారన్ వెళ్లాక, కరెంటు దిగేదాకా ఎప్పటిలాగే కూర్చుని, ఆ తర్వాత పేల్చే పెట్టె విప్పి బల్ల మీది పరీక్ష యంత్రానికి తగిలించాడు. పెట్టె చెప్పింది ఒకటే మాట. ఎడమ సీటు సంచిని పేల్చాను, అది పేలింది.

తాతయ్య సీటు దగ్గరికి పోయాడు. కొత్త రకం కార్లలో ఒక సంచి సీటు వీపు అంచులోనే ఉంటుంది. గుద్దుకోగానే అది అంచు చీల్చుకుని, మనిషికీ తలుపుకీ మధ్య నిలబడాలి. ఈ సీటు అంచు చీలలేదు. దాని మీద తోలురంగు కవరు బిగుతుగా ఉంది. కవరు లోపల ఏదో గడ్డలాగా వీపు వెనకవైపుకి పొడుచుకొచ్చి ఉంది. ఆ కవరు ఎవరు కుట్టారో ఆయన అడగక్కర్లేకపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం కెలికి వదిలేశాడు. కూరలో ఉప్పు గురించి కూడా ఏమీ అనలేదు. పొద్దు వాలుతుండగా తెర పక్కకి జరిపి ఆవిడ వైపు అడుగుపెట్టాడు. మిషను మీద వంగి ఉన్న అమ్మమ్మ తలెత్తి చూసింది. ఆవిడ ముఖంలో రంగు మారింది. ఎవరో పోయారనుకుంది.

"ఏమైంది?"

"ఒకసారి ఇటు రా."

"మీ వైపా?"

"నా వైపే."

ఆవిడ చేతులు దులుపుకుని లేచింది. ఎవరూ చెప్పకుండానే ముందు ఇనుప గొట్టాన్ని ముట్టుకుంది. కళ్లజోడు మిషను దగ్గరే వదిలేసింది, అది లేనిదే ఆవిడకి దగ్గరి చూపు ఆనదు. అందుకని తాతయ్య ఏమీ చెప్పకుండా ఆవిడ చెయ్యి పట్టుకుని సీటు అంచు మీద పెట్టాడు. వేళ్లు కుట్టు వెంట పైనుంచి కిందికి నడిచాయి. సూది గుచ్చిన కంతలు సాగి పెద్దవయ్యాయి. దారం అలాగే ఉంది. వేళ్లు వెనక్కి తిరిగి ఆ గడ్డ దగ్గర ఆగాయి. తాతయ్య కింది వైపు కవరు కొద్దిగా కోసి చూపించాడు. లోపల చిరిగిన నురగ, తెల్లటి పొడి, ముద్దగా నలిగిన సంచి గుడ్డ.

"ఒక్క పోగు తెగలేదు" అంది అమ్మమ్మ. ఇంకో రోజైతే ఆ మాట వీధి చివరిదాకా వినబడేది. ఆ రోజు ఆ మాట అని సీటు ముందు నేల మీద కూర్చుండిపోయింది.

తాతయ్య మూలనున్న కొత్త సీటు వీపు ఒకటి తెచ్చి, పక్కన కూర్చుని దాని అంచు ఆవిడ చేతికిచ్చాడు. "ఇది కంపెనీ కుట్టు. ఎంత పలచగా ఉందో చూడు. సంచి రాగానే ఇది చిరగాలి."

"చిరగడానికే కుడతారా?"

"చిరగడానికే."

"అలా కుట్టేవాళ్లుంటారని నాకెవరు చెప్పారు?"

"నాకు తెలుసు. బయట కవర్లు వేయించుకొచ్చిన వాళ్లకి తీసేయమని చెప్పాను కూడా."

"నాకు?"

"నీ పని కదా అనుకున్నాను. పాత కార్లకే కుడుతున్నావనుకున్నాను. వాటికి ఈ సంచులుండవు."

"అనుకున్నారు. అడగలేదు."

"అడగలేదు."

"కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి తెర అడ్డు రాలేదు. దీనికొచ్చింది." ఆవిడ కొంగుతో చేతులకంటిన పొడి తుడుచుకుంది. "నేను మాత్రం తక్కువ తిన్నానా. ఈ అంచు మీద ఏదో రాసున్న చిన్న గుడ్డ చీటీ ఉంటుంది. వికారంగా ఉందని దాని మీంచి కుట్టేశాను. ఇదేమిటండీ అని ఒక్క కేక వేస్తే సరిపోయేది."

బయట వీధి దీపం వెలిగింది. ఇద్దరూ అలాగే నేల మీద కూర్చున్నారు.

"హారన్‌కి ఏం చెబుతారు?" అంది అమ్మమ్మ.

"సంచి పేలలేదంటే నమ్ముతాడు. నమ్మాలనే ఉంది అతనికి."

"అలా చెప్పాలని ఉందా మీకు?"

"అన్నం ముందు కూర్చున్నప్పుడు ఉంది."

"ఇప్పుడో?"

"నువ్వు చెప్పు."

"అదీ, ఆఖరికి నా నోట చెప్పించుకుంటారు." ఆవిడ గోడ ఆసరాతో లేచింది. "కుట్టింది నేను. నేనే చెబుతాను. మీరు మొదలుపెడితే బ్యాటరీ తీగ దగ్గర్నుంచి వస్తారు, అసలు మాటకొచ్చేసరికి వాడు ఇంటికెళ్లిపోతాడు."

మర్నాడు హారన్ వచ్చాడు. అమ్మమ్మ అతన్ని సీటు దగ్గరికి తీసుకెళ్లి, తాతయ్య తన చెయ్యి పెట్టినట్టే అతని చెయ్యి కుట్టు మీద పెట్టింది. "సంచి పేలింది నాయనా. నేను కుట్టిన కవరు దాన్ని బయటికి రానివ్వలేదు" అంది. తాతయ్య, తనకి తెలిసి కూడా ఆవిడకి చెప్పలేదన్నాడు.

హారన్ నోరు తెరిచి మూశాడు.

"గట్టిగా కుట్టమని నేనే అడిగాను కదా పిన్నీ."

"నువ్వు అడుగుతావు. కుట్టేదాన్ని నేను."

"ఇది మావాడికి నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు." అంతే అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు వాళ్లిద్దరితో మాట్లాడలేదు.

ఆసుపత్రి గదిలో తమ్ముడు ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. అమ్మమ్మ చెబుతున్నంతసేపూ కళ్లు మూసుకునే విన్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా అతని పెదవులు బిగుసుకునేవి.

"స్టాండులో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"చాలా ఉన్నాయి."

"మరి ఇక్కడ కూర్చున్నావేం పిన్నీ?"

ఆవిడ తెల్లారి స్టాండుకి వెళ్లింది. తాతయ్య పక్కన నడిచాడు. ఆయన ఒక్కో కారు తలుపు తీసి, సీటు అంచు తడిమి చూసి, సంచి ఉంటే తలూపేవాడు. ఆవిడ కుట్టు కోసే కత్తితో కవరు విప్పేది. తను వేసినంత గట్టిగానే ఉంది ఆ కుట్టు. తెగడానికి చాలాసేపు పట్టేది. డ్రైవర్లు గొణిగారు. "నిన్నగాక మొన్న వేయించాను, వీపు దగ్గర ఒక్క మరకైనా పడలేదు, ఎందుకు చెడగొడతావమ్మా" అని ఒకడు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. ఆవిడ వాదించలేదు. కత్తి చేత్తో పట్టుకుని, అతను తప్పుకునేదాకా అక్కడే నిలబడింది. మా అమ్మమ్మ ఎవరి ముందైనా అంతసేపు నోరు మెదపకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

అలా కవర్లు పోయినవాళ్లకి కింది సీటుకి మాత్రం కొత్తవి కుట్టి ఇచ్చింది. సంచి ఉన్న సీటు వీపుకి ఇక కుట్టనని చెప్పేసింది. అంచు వదిలేసి కుట్టొచ్చు కదా అని ఒకతను సలహా ఇచ్చాడు. అమ్మమ్మ తాతయ్య వైపు చూసింది. "వదిలిన అంచులోంచి సరిగ్గా వస్తుందో రాదో మన షెడ్డులో తేల్చే విషయం కాదు" అన్నాడాయన. "విన్నావుగా" అంది ఆవిడ. సగం పని పోయింది. పగటిపూట మిషను చప్పుడు అప్పుడప్పుడే వినబడేది. ఎవరైనా కొత్త కారు తెస్తే ముందు తాతయ్యని కేకేసేది. ఆయన చూసి సరేనంటేనే టేపు తీసేది. ఒకసారి అలవాటు కొద్దీ ఆయన, ఇక్కడ కుట్టు వంకర పోయిందన్నాడు. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చూసి, "పోయింది" అని విప్పి మళ్లీ కుట్టింది. ఆ రోజు తాతయ్యకి భయమేసిందట. అలా ఒప్పుకుందంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడట.

హారన్ కారుకి తాతయ్య పేలిన సంచి ఉన్న సీటు వీపు మొత్తం మార్చాడు. పేల్చే పెట్టె కొత్తది పెట్టాడు. తలుపు దగ్గర గుద్దుని పసిగట్టే ముక్కనీ, దాని తీగల్నీ ఒక్కోటీ చూశాడు. చివర తాళం తిప్పి, ముందు పలకలో ఎర్ర దీపం వెలిగి, అంతా సవ్యంగా ఉందన్నట్టు ఆరిపోవడం మళ్లీ మళ్లీ చూసుకున్నాడు.

కారు తీసుకెళ్లడానికి అన్నదమ్ములిద్దరూ వచ్చారు. తమ్ముడు చిక్కిపోయాడు. చెయ్యి పక్కటెముకల మీద పెట్టుకుని నెమ్మదిగా నడుస్తున్నాడు. బస్తాలు మానేసి, యార్డులో గేటు దగ్గర కూర్చునే పని అడుగుతున్నాడట. హారన్ తాళం అందుకున్నాడు గానీ ఎవరి మొహం వైపూ చూడలేదు.

అమ్మమ్మ వెళ్లి ముందు తలుపు తీసి పట్టుకుంది. సీటు వీపు ఏ కవరూ లేకుండా ఉంది. అంచు మీద ఎయిర్‌బ్యాగని రాసున్న గుడ్డ చీటీ కనబడుతోంది. తమ్ముడు దాని ముందు నిలబడి కాసేపు చూశాడు.

"ముందు కూర్చోలేను పిన్నీ. ఇంకా టైము పడుతుంది."

"పట్టనీ" అంది ఆవిడ.

ఆ తలుపు వేసి, వెనక తలుపు తీసింది. అతను ఒక చెయ్యి ఆవిడ భుజం మీద వేసి, అంగుళం అంగుళంగా లోపలికి జరిగి కూర్చున్నాడు. బెల్టు తన వైపుకి లాక్కోలేకపోతుంటే ఆవిడే వంగి పెట్టింది. అది పక్కటెముకల మీద ఒరుసుకోకుండా వేళ్లతో సరిచేసింది.

"నెమ్మదిగా పోనివ్వు" అంది హారన్‌తో.

"అలాగే పిన్నీ" అన్నాడు హారన్.