గోవిందరావు మాస్టారి మౌనవ్రతం

నౌపడ స్టేషనుకి వెళ్లే దారిలో గోవిందరావుకి కిరాణా కొట్టుంది. కొట్లో ఆయన ఒక మనిషి, తెల్లవారుజామున హైస్కూలు గ్రౌండులో ఇంకో మనిషి. కందిపప్పు ధర రెండోసారి అడిగితే గాని వినపడనంత నెమ్మదిగా చెబుతాడు. గ్రౌండులో మాత్రం ఆయన అరుపు ఉప్పు మడుల అవతలికి వినిపిస్తుంది. "బేరం కాడ లేని నోరు ఆ పిల్లల మీదకి ఎక్కడినుంచొస్తాదో" అని భార్య సూర్యకాంతం పెళ్లయిన దగ్గర్నుంచీ అంటూనే ఉంది.

కాలేజీ రోజుల్లో ఆయన మంచి పరుగుగాడు. యూనివర్సిటీ పోటీల దాకా వెళ్లాడు. తండ్రి పోయి కొట్టు నెత్తిన పడ్డాక పరుగు ఆగిపోయింది గాని, ఆ యావ పోలేదు. పోలీసు సెలక్షన్లకి వెళ్లే పిల్లలకి ఊరికే తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లు ఇచ్చేసరికి మోకాళ్లు అరిగాయి. మనసు అంతకంటే ఎక్కువ అరిగింది. నోటిఫికేషన్ పడితే గ్రౌండు తిరనాళ్లలా నిండుతుంది, ఫలితాలొచ్చాక పిట్ట కూడా వాలదు. ఉద్యోగం రానివాళ్లు విసిగి మానేస్తారు, వచ్చినవాళ్ల బూట్లు మర్నాడే అటకెక్కుతాయి.

ఆయన చేతిలో తయారైన ఆనంద్‌కుమార్ కానిస్టేబులయ్యి, రెండేళ్లు తిరక్కుండా బొజ్జ మోసుకుంటూ కొట్టుకొచ్చాడు. "డ్యూటీలు మాస్టారూ, పరుగుకి టైమెక్కడ" అన్నాడు. గోవిందరావు బెల్లం తూచి ఇచ్చాడు. ఆ పూట ఆయనకి అన్నం సయించలేదు. తను ఇన్నాళ్లూ పిల్లల్ని మార్చానని మురిసిపోయాడు గాని, సెలక్షన్ గేటు దాటించడం తప్ప చేసిందేమీ లేదని తోచింది.

భారతి ఆయన దగ్గరకొచ్చింది ఆ రోజుల్లోనే. వాళ్లమ్మ దేముడమ్మ రేవులో చేపలు కొని, రైలెక్కి కోటబొమ్మాళి సంతలో అమ్ముతుంది. డిగ్రీ చదివినా భారతి కూడా తల్లితోపాటు తట్ట మోసేది. ఆ తట్ట దించాలంటే కానిస్టేబుల్ ఉద్యోగం ఒక్కటే ఆమెకి కనిపించిన దారి. పిల్ల గట్టిది, ఊపిరి ఉన్నది. గోవిందరావు గట్టు మీద నిలబడి "ఇప్పుడు తగ్గు, ఇప్పుడు లాగు" అని అరుస్తుంటే, ఆ అరుపు ప్రకారం తూచినట్టు పరిగెత్తేది. ఇది పాసవకపోతే మీసం తీయించుకుంటానని ఆయన ఊరంతా చెప్పాడు.

2016లో శ్రీకాకుళం సెలక్షన్ పరుగులో భారతి మూడో రౌండుకే కూలబడిపోయింది. మాస్టార్లని లోపలికి రానివ్వరు కాబట్టి, ఏం జరిగిందో గోవిందరావుకి ఆమె బయటికొచ్చాక గాని తెలియలేదు.

"ముందల పొడుగు పిల్ల మడమలు సూసుకుని పరిగెట్టినాను మాస్టారూ. తట్టలెత్తుకుని టేసనుకి ఎల్లేటప్పుడు మేమలాగే కదా నడుస్తాం. పెద్దామె ముందల ఉంటాది, ఆమె కాలెలా పడితే మా కాళ్లూ అలా. ఈ పిల్లేమో రెండో రౌండుకే సంపేసింది."

"మన గ్రౌండులో బాగానే పరిగెట్టేదానివి కదే?"

"ఇక్కడ మీరు అరుస్తారు. అక్కడ మీరు లేరు. మరేటి సెయ్యను, ముందున్నదాన్ని పట్టుకున్నాను."

గోవిందరావుకి సిగ్గేసింది. పిల్లకి కాళ్లిచ్చింది దేవుడు, బుర్రిచ్చింది దేవుడు, మధ్యలో తన నోరు దూర్చి ఆ రెండింటికీ మాటల్లేకుండా చేశాడు. మర్నాటి నుంచి భారతి పరుగు మీద నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. మీసం మాట ఊళ్లో వాళ్లే దయతలచి మరిచిపోయారు.

అరవడం కంటే ఊరుకోవడమే ఒళ్లు హూనం చేస్తుందని ఆయనకి అప్పుడు తెలిసింది. భారతి తప్పుగా మొదలుపెడితే కళ్లారా చూస్తూ నాలుక కరుచుకునేవాడు. మిగతా పిల్లలు మాస్టారు ముసలాడైపోయాడనుకున్నారు. కొందరు, బాగా తిట్టి నేర్పుతారట అని టెక్కలి కోచింగుకి పోయారు.

"ఎలాగుంది మాస్టారూ?" అని భారతి ఆయాసపడుతూ వచ్చి అడిగేది.

"నీకెలాగుంది?"

"నాకేటి తెలుస్తాది? సెప్పడానికే కదా మీరున్నారు."

"ఊపిరెక్కడ పోయిందో అదన్నా తెలీదా?"

ఆమె చిరాగ్గా మొహం తిప్పుకునేది. నెలలు గడిచాక ఒకరోజు తనంతట తనే, "సింతచెట్టు మలుపు కాడ పోతన్నాది. మొదట్లోనే ఎక్కువ లాగేస్తన్నాను" అంది. గోవిందరావు తల ఊపాడు. రేపేం చేస్తావని అడిగాడు. ఆమె ఆలోచించుకుంటూ ఇంటికెళ్లింది.

ఆ తర్వాత నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటూ రెండేళ్లు నానింది. గ్రౌండు ఖాళీ అయింది. చలిలో, మంచులో, ఒక్క పిల్ల కోసం లేచి వెళ్లడం ఆయనకి ఎంత బరువో సూర్యకాంతానికి తెలుసు. "ఎవుడికోసం ఈ పాట్లు" అనేది. ఈసారి పోతే భారతికి వయసు దాటిపోతుంది. జీవితాంతం తట్ట మోస్తుంది, ఆ పాపం తన నోటిదే అవుతుంది. ఆ భయమే ఆయన్ని లేపేది.

రెండోసారి సెలక్షన్ రోజున దేముడమ్మ, గోవిందరావు సెలక్షన్ గ్రౌండు గేటు బయట పేవ్‌మెంటు మీద కూర్చున్నారు. గోడ ఎత్తు, లోపల ఏమీ కనపడదు. "పిల్ల ఏటవుతాదో బావూ" అని ఆమె అడిగినప్పుడల్లా ఆయన నీళ్లు తాగాడు.

భారతి వచ్చింది. కాళ్లనిండా దుమ్ము. "అయిపోనాదమ్మా, టైములోనే వచ్చేసినాను" అంది. దేముడమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ముందల ఎవులున్నారే?" అన్నాడు గోవిందరావు.

"సూడనేదు."

"నేను గుర్తొచ్చేనా?"

భారతి నీళ్ల సీసా దించి, నిజంగానే ఆలోచించింది. "నేదు మాస్టారూ. అసలు మీరు గుర్తుకే రానేదు."

ఆ మాట కోసమే ఆయన రెండేళ్లకి పైగా నోరు మూసుకున్నాడు. తీరా విన్నాక గుండెలో కలుక్కుమంది. "మంచిదేనే" అన్నాడు.

తిరుగు రైల్లో దేముడమ్మ నిద్రపోయింది. గోవిందరావు కిటికీ పక్కన కళ్లు మూసుకుని ఉన్నాడు. రేపటినుంచి ఈ పిల్ల కూడా కనిపించదు, అందరిలాగే బూట్లు అటకెక్కిస్తుంది అనుకుంటున్నాడు. నౌపడ వస్తుండగా భారతి ఆయన భుజం తట్టింది.

"రేప్పొద్దున్న మీరు ఇంటికాడ తొంగోండి మాస్టారూ. గ్రౌండుకి నేనెల్లొస్తాను."