పక్కవాళ్ళను కాదు, నన్ను అడగండి

ఆ రోజు పొద్దున మల్బరీ ఆకు నా కుడిచేతిలో నిలవలేదు. పట్టుపురుగులు మూడో జ్వరం లేచి మేతకు తలలెత్తే సమయం. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా ఉంటుంది, దాన్నే మా వైపు జ్వరం అంటారు. గుప్పెడు ఆకు తీసి తట్టలో చల్లబోతే అంతా నా కాళ్ళ మీదే పడింది. మళ్ళీ తీశాను, మళ్ళీ పడింది. తిమ్మిరెక్కిందనుకుని చెయ్యి విదిలించాను. కోడలు మంజుళను పిలిచి చెప్పబోతే, నోట్లోంచి వచ్చిన మాట నాకే అర్థం కాలేదు.

"పైత్యం చేసినట్టుండాది. కూచో అత్తా," అని మంజుళ నిమ్మకాయ నీళ్ళు తెచ్చిచ్చింది. తాగితే కుడిపక్క నుంచి చీర మీదికి కారిపోయాయి. అప్పుడు దాని ముఖం పాలిపోయింది.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. మదనపల్లె వైపు నుంచి కర్ణాటకలో చింతామణి తాలూకాలోని ఈ పల్లెకు కోడలిగా వచ్చి, పట్టుపురుగుల మధ్యనే ముసలిదాన్నయ్యాను. మా ఆయన పోయాక కూడా పురుగుల ఇల్లు నా పెత్తనం కిందే నడిచింది. ఏ పూట ఎంత ఆకు వెయ్యాలో నేను చెప్పేదాన్ని, కొడుకు మునిరాజు, మంజుళ వేసేవాళ్ళు. అలాంటి నన్ను మంచాన పడేసిన జబ్బు ఇది. దానితో ఎలా కొట్లాడానో చెబితే నాలాంటివాళ్ళకు పనికొస్తుందని రాయిస్తున్నాను.

పక్కింటివాళ్ళు పక్షవాతానికి పసరు పోయించమన్నారు. ఆ పసరాయన ఇంట్లో లేడు. అటు పోయి ఇటు తిరిగి చింతామణి ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. అక్కడి నుంచి స్కాన్ కోసం చిక్కబళ్ళాపురం పంపించారు. సీటీ స్కాన్ చూసి డాక్టరు మునిరాజుతో అన్నాడు: "స్ట్రోక్. బ్రెయిన్‌లో ఎడమ పక్క క్లాట్ ఉంది. ఫస్ట్ నాలుగు గంటల్లో వచ్చుంటే కరిగించే ఇంజెక్షన్ ఇచ్చుండొచ్చు. ఈగ లేట్ ఆయ్తు, ఇప్పుడు ఆలస్యమైపోయింది."

తర్వాత, "బీపీ మాత్రలు రెగ్యులర్‌గా వేసుకుంటారా?" అని అడిగాడు. అదీ మునిరాజునే.

"ఏసుకుంటాది సార్," అన్నాడు వాడు.

మాత్రలు అయిపోయి చాలా రోజులైంది. వాడికి తెలియదు, పాపం. నాకు తెలుసు, నేను వాళ్ళిద్దరి మధ్యలోనే స్ట్రెచర్ మీద ఉన్నాను. నన్నడిగి ఉంటే కనీసం తల అడ్డంగా ఊపేదాన్ని. ఎవరూ నా వైపు చూడలేదు.

వార్డులో ఉన్నన్నాళ్ళూ ఇదే వరస. అజ్జి, అంటే అవ్వ, నిద్రపోయిందా, అజ్జి తిన్నదా, అజ్జికి మోషన్ అయిందా, అన్నీ మంజుళనే అడిగేవాళ్ళు. "అఫేజియా అంటారు. విన్నదంతా అర్థమవుతుంది, మాట బయటికి రాదు. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ మానకుండా చేస్తే మెల్లగా వస్తుంది," అన్నాడు డాక్టరు. అర్థమవుతుందని ఆయనే చెప్పి, ఆ చెప్పడం కూడా నా కొడుక్కే చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు లేని కోపం ఎంత పాడుదో పడినవాళ్ళకే తెలుసు.

ఇంటికొచ్చాక వసారాలో మంచం వేశారు. నన్ను బాగా చూసుకోలేదని ఎవరన్నా అంటే నేనే పోట్లాడతాను. ముద్దలు కలిపి నోట్లో పెట్టారు, తల దువ్వారు, ఈగ వాలనివ్వలేదు. ఆ చూసుకోవడంతోనే నన్ను సగం చంపారు. ఎడమచేత్తో గ్లాసు అందుకోబోతే "నీకేంటికి అత్తా, నేనుండాను గదా!" అని లాక్కునేవాళ్ళు. ఎవరో ఒక మండలం పాటు తైలం మర్దన చెయ్యాలని చెప్పారు. రెండు పూటలా తైలం పట్టించి, అదే వైద్యమనుకుని, ఫిజియోథెరపీ మానేశారు.

ఆ తైలంతో ఇంకో చిక్కు వచ్చింది. పురుగుల ఇంట్లోకి ఘాటు వాసన పనికిరాదు. బీడీ తాగిన చేత్తో, తలనొప్పి మందు పూసుకున్న నుదుటితో ఎవరినీ గడప దాటనివ్వం. ఆ చట్టం మా ఇంట్లో పెట్టిందే నేను. ఇప్పుడది నాకే చుట్టుకుంది. వసారాలో పడుకుంటే పురుగులు ఆకు తినే చప్పుడు, చిరుజల్లులాంటిది, గోడ అవతల నుంచి వినిపించేది. ఆకు సన్నగా తరగకుండానే వేస్తున్నారని చప్పుడును బట్టే తెలిసేది. చెప్పడానికి మాట లేదు, పోవడానికి కాలు లేదు.

అలా ఉన్నప్పుడు కావ్య వచ్చింది. బెంగళూరులో ఏదో కాలేజీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. పల్లెల్లో ముసలివాళ్ళను ఎవరు చూసుకుంటున్నారు, ఎలా చూసుకుంటున్నారు అని ఇంటింటికీ తిరిగి తెలుసుకుంటోంది. నా మంచం పక్కనే కుర్చీ వేసుకుని, మంజుళను అడగడం మొదలుపెట్టింది. స్నానం ఎవరు చేయిస్తారు, మందులు ఎవరిస్తారు, రాత్రి ఎవరు లేస్తారు.

"పగలంతా ఈమె ఏం చేస్తారు?"

"ఏముండాది మేడం, సుమ్నే, ఊరికే పండుకోనుంటాది."

నా ఎడమచేతికి స్టీలు లోటా దొరికింది. మంచం పట్టె మీద దాంతో టంగుమని కొట్టాను. ఇద్దరూ అదిరిపడ్డారు. ఇంకో దెబ్బ వేసి, లోటాతో నా గుండెను చూపించుకున్నాను.

కావ్య తెలివైన పిల్ల. కుర్చీ నా వైపు తిప్పుకుంది. "సారీ అవ్వా. మిమ్మల్నే అడగాల్సింది. మీకు ఏం సహాయం కావాలి?"

మాట గొంతులోకి వచ్చి నాలుక దగ్గర ఇరుక్కుంది. "నీళ్ళా అత్తా? బాత్రూమా?" అని మంజుళ అందించబోయింది. మళ్ళీ లోటా ఎత్తాను. ఊరుకుంది. చెమటలు పట్టాయి. ఎంతసేపటికో వచ్చింది.

"ప... ని."

"పని గావాలంట!" మంజుళ నవ్వేసింది. వెంటనే ఏడ్చేసింది కూడా.

కావ్య తన ఫోన్‌లోని ప్రశ్నల జాబితాలో వెతికింది. "ఇందులో మందులు, భోజనం, పింఛను, నర్సు ఉన్నాయి. పని అని లేదే అవ్వా."

"పె... ట్టు," అన్నాను. ఆ మాట మాత్రం తొందరగానే వచ్చింది.

మర్నాడు తైలం సీసాతో మునిరాజు వస్తే నోరు బిగించి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. వాడికి కోపమొచ్చింది. "ఏమిటికమ్మా ఇంత మొండితనం? బాగుపడాలని ల్యా నీకి?" అన్నాడు. బాగుపడాలనే వద్దంటున్నానని చెప్పడానికి నాకు ఆ పూటంతా పట్టింది. చివరికి డాక్టరును అడుగుదామన్నాడు. ఆయన "తైలం తప్పు కాదు. ఎక్సర్‌సైజ్ మానేసి తైలమే చాలనుకోవడం తప్పు," అన్నాడు. ఈసారి నేను ఆయన కోటు పట్టుకున్నాను. కిందికి చూశాడు. "మీరేమంటారమ్మా?" అన్నాడు. నెలల తర్వాత మొదటిసారి. "చే... స్తాను," అన్నాను.

ఫిజియోథెరపీ అంటే ఏడుపే, దాచేదేముంది? గోడ పట్టుకుని నడవడం, రబ్బరు బంతి పిసకడం, "అ, ఆ" అంటూ అద్దం ముందు చిన్నపిల్లలా మూతి తిప్పడం. బూతులు మాత్రం ముందే స్పష్టంగా వచ్చాయి. అది కూడా అఫేజియా లక్షణమేనని థెరపిస్టు చెప్పాడు, లేకపోతే మంజుళ నా పెంపకాన్ని అనుమానించేది.

ఆ తర్వాతి పంట పురుగులు ఒక్కసారిగా పండాయి. పండిన పురుగును వెంటనే ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టుకునే వెదురు చాపల మీద వెయ్యకపోతే పంట పోతుంది. పెళ్ళిళ్ళ రోజులు, కూలివాళ్ళు దొరకలేదు. శీకాయతో తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, కర్ర పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. మునిరాజు అడ్డొచ్చాడు. మంజుళే, "రానీలే. చేతులు చాలక మనం చస్తాండాం. అత్త ఏరితే ఏం పోతాది?" అంది.

ఎడమచేత్తో ఏరాను. నిదానంగా, కొన్ని జారవిడుస్తూ. కుడిచేత్తో ప్రయత్నించి రెండు పురుగులను నలిపేశాను కూడా. అయినా ఆ సాయంత్రం నేను ఎవరి దయ మీదా అన్నం తినలేదు.

అంతా సుఖంగా సాగిపోలేదు. ఒకనాడు ఆ గడప దగ్గరే పడి మణికట్టు వాచింది. ఎక్స్‌రేలో ఫ్రాక్చర్ లేదు. "ఇంక మంచం దిగేదిల్యా," అని మునిరాజు తీర్మానం చేశాడు. "గడప... తియ్యి. నన్ను... కాదు," అన్నాను. మూడోనాడు గడప కొట్టించేశాడు.

కావ్య రెండోసారి వచ్చినప్పుడు ఆమె ప్రశ్నల్లో కొత్తవి చేరాయి: మీరు ఏ పని చేయాలనుకుంటున్నారు, ఇంట్లో ఎవరికి మీరు ఆసరా. మాట పోయినవాళ్ళ దగ్గరికి పోయేటప్పుడు తోడు రమ్మని అడిగింది. మునిరాజు వద్దనేలోపే చెప్పులు తొడుక్కున్నాను.

కైవార దగ్గరి ఒక పల్లెలో వెంకటరమణప్ప అనే పెద్దాయన. స్ట్రోక్ వచ్చి ఏడాది. "మా నాయనకు మతి పోయింది మేడం. ఎవర్నీ గుర్తుపట్టడు. ఏమడిగినా నన్నే అడగండి," అన్నాడు కొడుకు.

"నిన్ను అడగం నాయనా. నువ్వు పోయి... కాఫీ పెట్టించుకోని రా," అన్నాను.

"ఏం కావాల తాతా?" అని కావ్య అడిగింది. ఇద్దరం కూర్చున్నాం. కాఫీ వచ్చింది, చల్లారింది. "క... క..." అన్నాడాయన. "కాఫీ గావాలంట," అంది కోడలు. "ఆగమ్మా!" అన్నాను. ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"క... ళ్ళద్దాలు."

స్కాన్ రోజు ఆసుపత్రిలో తీసి సంచిలో వేశారట. ఆ సంచి అటక మీదే ఉంది. కొడుకు దించి, తుడిచి, తండ్రికి పెట్టాడు. పెద్దాయన అతని ముఖం కాసేపు చూశాడు.

"గడ్డం... గీసుకో... రా," అన్నాడు.

కొడుకు తండ్రి మంచం పట్టుకుని ఏడ్చాడు. మేమూ ఏడ్చాం.

ఇప్పుడు కుడిచెయ్యి సగమే నాది. సంతకం వంకర. మాట తడబడుతుంది, కోపమొస్తే ఇంకా. బీపీ మాత్ర నేనే తీసి వేసుకుంటాను. పురుగుల ఇంట్లో మళ్ళీ నా మాటే చెల్లుతుంది, ఆలస్యంగా వచ్చినా.

నేను చెప్పే జాగ్రత్త ఒక్కటే. డాక్టరైనా, పరిశోధనకు వచ్చినవాళ్ళైనా, కన్నబిడ్డలైనా, రోగిని గురించి రోగినే అడగండి. అడిగాక జవాబు వచ్చేదాకా నోరు మూసుకోండి. మర్యాదగా చెప్పడం నాకు చేతకాక కాదు. లోటాతో కొట్టేదాకా ఎవరూ వినలేదు.