అయిదడుగులు లేచిన పుట్టిల్లు

సొంత ఇంట్లోకి పోవడానికి గోడ పట్టుకుని, ఆయాసపడుతూ, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకునే మనిషిని మీరు చూడకపోతే ఏ పొద్దునైనా మా వీధికి రండి. ఉచితంగా చూపిస్తాను. ఆ మనిషి నేనే. ఆ ఎత్తు తెచ్చుకున్నదీ నేనే. నా తెలివివల్ల నా ఇల్లు ఆకాశానికీ, నా పరువు పాతాళానికీ పోయిన వైనం ఇది. నవ్వండి, పరవాలేదు.

మాది కోయంబత్తూరు పక్కన ఒక చిన్న మునిసిపాలిటీ. తాతల తాతలనాటినుంచి ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నైనా కట్టిన పెంకుటింటికి ఎదురుగానే మా అక్క రంగమ్మ అత్తిల్లు. మేనత్త కొడుక్కే ఇచ్చారు కాబట్టి ఆమె పుట్టింటికీ మెట్టింటికీ మధ్య ఇరవై అడుగుల రోడ్డు తప్ప ఏమీ లేదు. బావ పోయాక, మోకాళ్లు అరిగిపోయాక కూడా అక్క రోజూ పొద్దున రోడ్డు దాటి వచ్చి మా వాకిలి పక్కన ఉన్న తిన్నె మీద కూర్చునేది. నా ఇల్లాలు సరోజ ఇచ్చిన కాఫీ తాగుతూ, బియ్యంలో రాళ్లు ఏరినట్టు నా తప్పులు ఏరేది. డెబ్బై నాలుగేళ్ల మనిషికి మిగిలిన ప్రయాణం అదొక్కటే.

ఇక రోడ్డు సంగతి. మునిసిపాలిటీవాళ్లు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పరిచేవాళ్లు, దోశ మీద దోశ వేసినట్టు. నా చిన్నప్పుడు తిన్నెకు రెండు మెట్లు ఎక్కేవాళ్లం. తరవాత ఒక మెట్టయింది. తరవాత సమానమైంది. చివరికి రోడ్డు మీదినుంచి ఇంట్లోకి దిగాల్సి వచ్చింది. వానొస్తే నీళ్లు మాకంటే ముందే లోపలికి వచ్చి, పెళ్లి అయిపోయినా కదలని చుట్టాల్లాగ మంచాల కింద మూడు రోజులు ఉండేవి.

ఆరేళ్ల కిందట, వానలు వెలిసీ వెలవకముందే మా వీధి కరెంటు స్తంభానికి ఒక నోటీసు అంటించారు. నాకు అక్షరాలు వచ్చింది యాభై అయిదో ఏట, సరోజ పుణ్యాన. కొత్తగా నడక వచ్చిన బిడ్డ ఒకచోట కూర్చుంటుందా? కనిపించిన కాగితమల్లా పైకి చదివేవాణ్ని. దీన్నీ నలుగురు వినేలా చదివాను: "ఈ వీధికి కొత్త తారు రోడ్డు వేయబడును!"

తిన్నె మీదినుంచి అక్క అడిగింది. "ఒరే గురువా, దానికింద ఇంకా ఉండాదే, చీమలబారు మాదిరి? అది చదవవా?"

"అది ఆఫీసోళ్లు ఊరికే రాసుకునేదిక్కా. సంగతంతా పైనే ఉండాది."

నిజం చెప్పాలంటే, ఆ చిన్న అక్షరాలు కూడబలుక్కోవడానికి నాకు అరగంట పడుతుంది. నలుగురి ముందు తడబడడం ఎందుకని పెద్దమనిషిలా తల ఊపి వచ్చేశాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోటీసు చివరిదాకా చదివితే ఇల్లు మంచిదని దానికి నేను చేరుస్తున్నాను.

కొత్త రోడ్డంటే మళ్లీ అడుగు ఎత్తు. అందుకని ఇల్లు ఎత్తే మురుగేసన్ మేస్త్రిని పిలిపించాను. మా పక్క ఇది మామూలే. గోడలకింద లారీ జాకీలు బారుగా పెట్టి అందరూ ఒక్కసారి తిప్పితే ఇల్లు కొంచెం కొంచెంగా లేస్తుంది. కింద ఇటుకలు కట్టుకుంటూ పోతారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలకు జాకీ సంగతి తెలియదు పాపం.

మేస్త్రి ఇల్లంతా తిరిగి చూసి, "రెండున్నర అడుగులు చాలు అయ్యా," అన్నాడు.

"చాలదు. ఇప్పుడొక రోడ్డు వస్తుంది. పదేళ్లకు ఇంకొకటి. నా మనవళ్లు కూడా జాకీలు వెతుక్కోవాలా? అయిదు ఎత్తు."

"అయిదా! అయ్యా, ఇది ఇల్లా, వాటర్ ట్యాంకా?"

"ఎత్తమంటే ఎత్తవయ్యా!"

"సరి, ఎత్తుతా. కానీ జాకీలు పెట్టాలంటే ఈ తిన్నె పగలగొట్టాల. మళ్లీ కట్టేదానికి చోటుండదు. అక్కడ మెట్లు వస్తాయి."

అక్క అప్పుడు ఆ తిన్నె మీదే కూర్చుని ఉంది.

"మరి నేనెక్కడ కూర్చునేదిరా?"

"లోపల సోఫాలో, రాణి మాదిరి."

"ఎట్లా ఎక్కేది?"

"నువ్వెందుకు ఎక్కుతావక్కా? రోడ్డే లేస్తుంది. అది నిన్ను ఎత్తుకొచ్చి మన గడపలో దించకపోతే నన్నడుగు."

"సర్కారు రోడ్డుతో నీకు పందెమేంటికిరా? అది లేచేదాకా నా కాళ్లు ఉండొద్దా?"

"ఆమె చెప్పేది కొంచెం వినండి," అని సరోజ వంటింట్లోనుంచి అరిచింది. నేను వినలేదు. అక్క గోడ పట్టుకుని లేచి, తన చాప తనే చుట్టుకుని, చంకన పెట్టుకుని రోడ్డు దాటిపోయింది. మర్నాడు తిన్నెకు మొదటి సమ్మెట దెబ్బ నేనే వేశాను. శుభకార్యమని కొబ్బరికాయ కూడా కొట్టాను, బుద్ధి లేకుండా.

ఇల్లు లేచింది. పెంకు కదల్లేదు, గోడ చిట్లలేదు. మెట్లు కట్టేదాకా మేస్త్రి వేసిన నిచ్చెన ఎక్కి, గడప దగ్గర నిలబడి కింద పోయేవాళ్ల బట్టతలలు లెక్కపెడుతూ వారం రోజులు మహారాజులా బతికాను.

ఎనిమిదోరోజు వీధిలోకి ఒక యంత్రం వచ్చింది. కొబ్బరి కోరే కత్తిపీటను ఏనుగంత చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. వచ్చీ రాగానే రోడ్డును కోరడం మొదలుపెట్టింది. పక్కన ఇనుప టోపీ పెట్టుకుని ఒక ఇంజనీరు పిల్ల నిలబడి ఉంది. గబగబా నిచ్చెన దిగాను.

"ఏమ్మా, రోడ్డు వేస్తామని చెప్పి తవ్వుతున్నారే?"

"పాత పొరలన్నీ గీకేసి, గడపలకంటే కిందికి దించి వేస్తున్నాం తాత్తా. ఇకమీదట మీ ఇళ్లలోకి నీళ్లు రావు, రోడ్డూ పెరగదు. నోటీసు అంటించామే, చదవలేదా?"

"చదివానే!"

"మొత్తం?"

నేను కరెంటు స్తంభం దగ్గరికి పోయి ఆ చీమలబారును కూడబలుక్కోవడం మొదలుపెట్టాను.

రోడ్డు రెండడుగులు దిగింది. ఇల్లు అయిదడుగులు లేచింది. కింద నిలబడితే మా గడప నా తల దాటి ఉంది.

"మెట్లన్నా కొంచెం వాలుగా, రోడ్డు మీదికి రానియ్యమ్మా," అని బతిమాలాను.

"కుదరదు తాత్తా. అక్కడ వాననీటి కాలువ వస్తుంది. మీ హద్దులోనే కట్టుకోవాలి."

ఉన్న కాస్త జాగాలో మేస్త్రి పదకొండు మెట్లు కట్టాడు. మెట్లంటే మెట్లు కావు, నిచ్చెనకు సిమెంటు పూసినట్టుంది.

ఎత్తిన ఇంట్లో మళ్లీ పాలు పొంగించి చేరాలి. మా వాళ్లలో ఇంటి ఆడపడుచు, మొగుడు పోయినా సరే, నీళ్లు నిండిన కుండతో ముందు గడప దాటాలి. ఆ రోజు ఆమె దాటందే ఇంకెవరూ దాటరు. అక్క పట్టుచీర కట్టుకుని, కుండ చంకన పెట్టుకుని వచ్చింది. ఒక మెట్టు ఎక్కింది. రెండు ఎక్కింది. మూడో దాని దగ్గర మోకాలు పట్టుకుని నిలబడిపోయింది.

"లగ్నం దాటిపోతోందమ్మా!" అని పురోహితం చేసే అయ్యరు పై మెట్టు మీదినుంచి కేక వేశాడు.

"దాన్నే కిందికి రమ్మనండి సామీ. దానికి మోకాళ్లు బాగానే ఉండాయి కదా!" అంది అక్క.

చివరికి మేస్త్రే ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. అక్కను కూర్చోబెట్టి అతని మనుషులు నలుగురు ఎత్తారు. వెనకనుంచి నేను తోశాను. నిండు కుండ తొణకదంటారు. కుర్చీలో పెట్టి పదకొండు మెట్లు మోస్తే దాని తాత కూడా తొణుకుతుంది. సగం నీళ్లు ముందున్నవాడి నెత్తిన పడ్డాయి, మిగతావి నా మీద.

"మెల్లంగా రా! నేనేమన్నా సిమెంటు మూటనా?" అని అక్క పైనుంచి తిడుతూనే ఉంది. వీధంతా విరగబడి నవ్వింది.

లోపలికి వచ్చాక ఆమె తిట్టలేదు. ఒక్కొక్క గదిలోకి పోయి గోడలు తడిమి చూసింది. నైనా మంచం ఉండే మూల దగ్గర కాసేపు నిలబడింది. భోజనాలయ్యాక అదే కుర్చీలో దించారు. రోడ్డు మీద నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

"గురువా, నలుగురు మోస్తే పుట్టింటికి వచ్చినాను. ఇంకొకసారి నలుగురు నన్ను ఎత్తినారంటే, అది మీ ఇంటికి కాదురా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాలుగు మెట్లు ఎక్కేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

ఆరేళ్లయింది. అక్క మళ్లీ రాలేదు. కోపంతో కాదు, కాళ్లు సాగక. ఊళ్లో అందరూ రోడ్డు ఎత్తొద్దని అర్జీలు పెడితే, ఎత్తమని పెట్టినవాణ్ని నేనొక్కణ్నే. మునిసిపాలిటీ ఆఫీసులో ఆ ఇంజనీరు పిల్ల చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఏం రాశారు తాత్తా ఇది?"

"మా వీధికి పాత మాదిరే రోడ్డు మీద రోడ్డు వేయండమ్మా. ఒక అయిదారు వరసలు. మా అక్క నడిచి రావాల."

"అట్లా వేయకూడదు. తప్పు."

"ఇన్నేళ్లు చేసిన తప్పే కదమ్మా! నాకోసం ఇంకొక్కసారి చెయ్యకూడదా?"

ఆ పిల్ల నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకుంది. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి పంపింది.

ఇప్పుడు రోజూ నేనే దిగి అక్క ఇంటికి పోతున్నాను. నిన్న ఆమె కుర్చీ ముందు నిలబడి, పుడిసెడు నీళ్లు చేతిలో పోసుకుని, గొంతు సవరించుకుని ప్రమాణం చేశాను: "ఈ క్షణం మొదలు ఈ గురుసామి ఇల్లు గాని, గోడ గాని, గట్టు గాని, ఈ లోకంలో దేన్నీ, అంగుళమైనా, ఎన్నటికీ ఎత్తడు. ఇది సత్యం!"

అక్క అంతా శ్రద్ధగా విన్నది. కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. లేవలేక మళ్లీ కూలబడింది.

"నీ సత్యం తరవాత చూస్తాం," అంది. "ముందు నన్ను ఎత్తరా."