నాలుగంగుళాల రేకు

మా అన్నయ్య సన్యాసిరావు ఇక లేడన్న వార్త నాకు ఎనిమిదో తరగతి గదిలో, నల్లబల్ల మీద పద్యానికి ప్రతిపదార్థం రాస్తుండగా అందింది. బడి జవాను తడిసిన గొడుగుతో గుమ్మంలో నిలబడి, "పంతులమ్మా, అన్నయ్యగారు జీపు కింద పడిపోయేరంటండి. మీరు బేగి ఇంటికెళ్లండమ్మా" అన్నాడు. "దెబ్బ బాగా తగిలిందా?" అని అడిగాను. అతను తల వంచుకున్నాడు. చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని వర్షంలో ఇంటికి నడిచాను. నడిచినంతసేపూ ఇది అబద్ధం కావాలని కోరుకున్నాను. ఆ దిగ్భ్రాంతి నుంచి నేటికీ తేరుకోలేదు.

చోడవరంలో సంస్మరణ సభ జరిపిన పెద్దలు ఒక చిన్న సంచిక అచ్చువేస్తున్నారు. తెలుగు పండితురాలిని, పైగా స్వయానా చెల్లెలిని గనక నన్నే నాలుగు మంచి మాటలు రాసివ్వమన్నారు. "కరుణామూర్తి", "త్యాగధనుడు", "అజాతశత్రువు" అన్న విశేషణాలు కూడా వాళ్లే సూచించారు. ఆ మాటల్లో ఏదీ అబద్ధం కాదు. కాని బతికి ఉన్నన్నాళ్లూ మా అన్నయ్య వాళ్లని అడిగింది విశేషణాలు కాదు, జీపు మడ్‌గార్డు అంచు కోయించుకోవడానికి ఒక్క మాట. ఆ మాట ఇవ్వడానికి నోరు రాని పెద్దలు ఇప్పుడు బిరుదులు మాత్రం ధారాళంగా ఇస్తున్నారు. అందుచేత నేను రాయబోయేది వాళ్లు కోరినట్టుగా ఉండదు. అచ్చువేస్తే వేయండి, లేకపోతే మానండి.

ఆ జీపు సంగతి తెలియనివారి కోసం చెబుతున్నాను. పెద్దయుద్ధం ముగిశాక విశాఖపట్నంలో సైన్యంవాళ్లు వదిలించుకున్న సామాను వేలం వేసినప్పుడు మా నాన్నగారు కొని తెచ్చిన బండి అది. ఊరంతా దాన్ని డిస్పోజల్ జీపు అనేవారు. ముందు చక్రాల మీద మడ్‌గార్డులు వంపు లేకుండా బల్లల్లా చదునుగా ఉంటాయి. సాయంత్రాలు నాన్నగారు ఎడమ మడ్‌గార్డు మీద కూర్చుని రైతుల తగవులు తీర్చేవారు. మా ఇంట ఎవరి పెళ్లయినా వధూవరులు ఆ జీపులోనే ఊరేగాలి. ముత్తయిదువలు ముందుగా మడ్‌గార్డులకి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టాలి. ఆ తరువాత అటొకటి, ఇటొకటి పెట్రోమాక్సు దీపాలు నిలబెట్టాలి. నాన్నగారు ఏదో సరదాకి మొదలుపెట్టిన ఈ పద్ధతి ఆయన కాలం చేసేనాటికి వంశాచారం అయి కూర్చుంది.

నాన్నగారి తరువాత జీపు స్టీరింగు మా అన్నయ్య చేతికి వచ్చింది, దాని మీద పెత్తనం మా చిన్నాన్న చేతికి వెళ్లింది. అన్నయ్య దాన్ని తనకోసం తోలుకున్న సందర్భాలు నాకు గుర్తులేవు. ఇటు బుచ్చయ్యపేట, అటు రావికమతం వైపు పల్లెల్లో ఎవరికి ప్రాణం మీదకి వచ్చినా కబురు మా ఇంటికే వచ్చేది. అన్నం కలుపుకున్న చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. మా నూకరత్నం వదిన ఆ కంచం మీద మూత పెట్టేది. ఆమె సగం సంసారం ఆ మూతలు పెట్టడంలోనే గడిచిపోయింది.

నా పెళ్లి ఊరేగింపు సంగతి ఈ సంచిక చదివేవారిలో చాలామంది కళ్లారా చూశారు. బజారు మధ్యలో సన్నాయి మంచి ఊపు మీద ఉండగా ఒక మనిషి పరుగున వచ్చి జీపుకి అడ్డం పడ్డాడు. బెల్లం వండే గానుగ దగ్గర వాళ్ల తమ్ముడి మీద మరిగే పాకం పడిందట. అన్నయ్య వెనక్కి తిరిగి, "ఒసే సరసా, దిగే. బావగారూ, మీరూ దిగండి" అన్నాడు. చిన్నాన్న, "ఒరే, పెళ్లికూతురినేట్రా నడిరోడ్డు మీద దించేత్తన్నావు?" అని అరిచాడు. అన్నయ్య శాంతంగా, "ఇది నడవగల్దు సిన్నాన్నా. ఆడు నడవలేడు" అన్నాడు. మడ్‌గార్డుల మీద పెట్రోమాక్సులు వెలుగుతుండగానే జీపు వెళ్లిపోయింది. మేమిద్దరం బాసికాలతో సన్నాయి వెనక నడిచి ఇంటికి చేరాం. కాలిన మనిషి బతికాడు. నాకు ఆనాటి నుంచి మా అన్నయ్య అంటే ప్రేమ కాక భక్తి ఏర్పడింది.

ఇక మా ప్రాంతపు దారుల గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. చెరుకు ఆడే కాలమంతా బరువు బండ్లు తిరిగి తిరిగి మట్టిదారుల్లో చక్రాలు దిగిన చోట లోతుగా గాళ్లు పడిపోతాయి. రెండు గాళ్ల మధ్య మట్టి గట్టులా లేచి ఉంటుంది. తొలకరి పడితే గాళ్లలో నీళ్లు నిలిచి బురదవుతుంది. జీపు చక్రాలు ఆ గాళ్లలో దిగేసరికి కింద ఇరుసు మధ్య ఉబ్బుగా ఉండే ఇనప గుండు ఆ గట్టు మీద కూర్చుంటుంది. చక్రాలు వృథాగా తిరుగుతాయి, బండి మాత్రం అంగుళం కదలదు. కిందటేడు వానల్లో నొప్పులు పడుతున్న ఒకామెని తీసుకొస్తుండగా సరిగ్గా ఇదే జరిగింది. పొలాల్లోంచి మనుషులు వచ్చి జీపుని ఎత్తేలోగా ఆమె జీపులోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. ఇంటికొచ్చి అన్నయ్య వీధి అరుగు మీద కూర్చున్నాడు. వదిన మంచినీళ్లు తెచ్చి ఇస్తే, "రోడ్డు మన సేతిలో నేదు రత్నం. బండి మన సేతిలోనే ఉంది కదా" అన్నాడు. తరువాత ఈ మాట అతని నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ఫాల్గుణంలో విశాఖ వెళ్లి పెద్ద టైర్లు తెచ్చాడు. అవి వేస్తే బండి మొత్తం పైకి లేస్తుంది, గుండు గట్టుకి తగలదు. అయితే స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ఆ టైర్లు మడ్‌గార్డు అంచుకి రాసుకుంటున్నాయి. గతుకులో పడితే రేకు టైరుని కోసేస్తుంది. రేకుల పని చేసే అప్పారావు మేస్త్రి వచ్చి చూసి, రెండు పక్కలా అంచు నాలుగంగుళాలు కోసి మడత పెడితే చాలన్నాడు. నేను బడి నుంచి తెచ్చిన సుద్దముక్కతో అన్నయ్య రెండు మడ్‌గార్డుల మీదా గీత గీశాడు. పెద్దలతో ఒక మాట అనుకుని కోయిస్తానన్నాడు. పెద్దలతో ఆ ఒక్క మాట అనుకోవడంతోనే సర్వనాశనం మొదలైంది.

చిన్నాన్న జీపు చుట్టూ తిరిగి సుద్దగీత చూశాడు. "మీ నాన్న కూకున్న రేకురా ఇది. దీన్ని కోసేత్తావేట్రా? మిగిలిన ముక్క మీద పెట్రోమాక్సు నిలబడుద్దా?"

"సెక్క బల్ల ఒకటి సేయిత్తాను సిన్నాన్నా. ఊరేగింపు నాడు బిగిద్దాం, మర్నాడు తీసేద్దాం."

"బల్లలేసుకుని ఊరేగడానికి మనవేటి, సర్కసు కంపినీ వోళ్లమా? ముందు మా గుంటడి పెళ్లవనీ. తరవాత సూద్దాం."

నేను ఊరుకోలేకపోయాను. "చిన్నాన్నా, వానలు పెళ్లి కోసం ఆగవు" అన్నాను. "పంతులమ్మా, నువ్వు బళ్లో పద్యాలు సెప్పుకో. ఇనప పనులు నీకేటి తెలుస్తాయి?" అన్నాడు. అక్కడున్న పెద్దలంతా నవ్వారు. వాళ్లలో కొందరు ఈ సంచిక సంపాదక వర్గంలో ఉన్నారు.

వైశాఖంలో చిన్నాన్న కొడుకు పెళ్లయింది. ఊరేగింపుకి ముందు మా పిన్నమ్మ తడిబట్టతో సుద్దగీతని శుభ్రంగా తుడిచి, దాని మీద చిక్కగా పసుపు పూసింది. అన్నయ్య పక్కనే నిలబడి చూశాడు. కొత్త దంపతుల్ని ఊరంతా తిప్పి దించాక, మర్నాడు నన్ను మళ్లీ సుద్ద అడిగి తీసుకుని ఆ పసుపు మీదనే గీత గీశాడు. తరువాత వెళ్లి చిన్నాన్నని అడిగాడు. మూఢం వచ్చిందన్నారు. కొత్తగా పెళ్లయిన ఇంట్లో ఊరేగిన బండి మీద మూఢంలో కత్తి పెట్టకూడదట. మూఢం పోయేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణంలో మంచిరోజు పెట్టిస్తామన్నారు. ఇనపరేకు కొయ్యడానికి ముహూర్తం పెట్టించిన వంశం భూప్రపంచంలో మాది ఒక్కటే అయి ఉంటుంది. ఈలోగా కొత్త టైర్లు మా వసారాలో గోడకి చేరగిలి ఉన్నాయి. జీపు పాత టైర్లతోనే తిరుగుతోంది.

"అడక్కుండా కోయించెయ్యి అన్నయ్యా. కోసిన రేకుని ఎవరూ అతికించమనరు" అని నేను పోరుపెట్టాను. అన్నయ్య నవ్వాడు. "ఓలమ్మ, నాన్న పోయినాక సిన్నాన్నే కదే మనకి నాన్న. ఒక నెల ఆగితే పోయేదేటుంది?" అన్నాడు. పెద్దల మాట జవదాటకపోవడం సుగుణమని నేను పిల్లలకి ఏటేటా బోధిస్తున్నాను. ఆ సుగుణం మా అన్నయ్యలో ఇంత సంపూర్ణంగా ఉన్నందుకు నాకు కోపంగా ఉంది. అతను వినయశీలి అని సభలో ఒక వక్త ప్రశంసించినప్పుడు లేచి వచ్చేశాను. తలనొప్పి వచ్చి వెళ్లానని వాళ్లనుకున్నారు.

ఆషాఢం ఇంకా వెళ్లకుండానే గంగునాయుడనే రైతుని పొలంలో పాము కరిచింది. అన్నయ్య వెళ్లి అతన్ని జీపులో వేసుకుని వస్తున్నాడు. ఆ తరువాత జరిగింది గంగునాయుడే మా వాకిట్లో కూలబడి చెప్పాడు. "జీపు గాడిలో కూకుండిపోయింది తల్లీ. అటేపు ఎడ్లబండి కనబడితే బాబే కేకేసి, నన్నెత్తి దాన్లో ఏసేరు. 'నువ్వు పద, దీన్ని లేపుకుని ఎనకే వస్తన్నాను, దార్లో ఎక్కించుకుంటాను' అన్నారు. నాను ఎనక్కి సూత్తానే ఉన్నాను. బాబు రానేదు."

ఎడ్ల నడక విషం వేగానికి చాలదని అన్నయ్య భయపడ్డాడు. బురదలోనే జాకీ పెట్టి జీపు లేపి, చక్రాల కింద రాళ్లు తొయ్యడానికి బండి కిందకి దూరాడు. జాకీ బురదలో దిగిపోయింది. నాట్లు వేస్తున్న మనుషులు పరుగున వచ్చి జీపు ఎత్తేసరికే అంతా అయిపోయింది. ఆసుపత్రిలో గంగునాయుడు బతికాడు. బతికినందుకు అతను నా కళ్లలోకి చూడలేకపోయాడు. అతని తప్పేముంది? అతను బతకాలనే కదా మా అన్నయ్య అంత ఆత్రపడ్డాడు.

పదో రోజున వంశపు పెద్దముత్తయిదువలంతా వచ్చి మా వదినని కూర్చోబెట్టి గాజులు తీయించారు. ఇనపరేకు కొయ్యడానికి మూఢం అడ్డం, ఆషాఢం అడ్డం. ఆమె చేతి గాజులకి మాత్రం ఏ పంచాంగమూ అడ్డం రాలేదు. ఆ గాజులు తీయించిన మా పిన్నమ్మ చేతులే వైశాఖంలో మడ్‌గార్డుకి పసుపు పూశాయి.

ఆనాడే చిన్నాన్న తన నిర్ణయం ప్రకటించాడు. జీపుని ఇకమీదట ఎవరూ తోలకూడదు, ఉన్నది ఉన్నట్టుగా షెడ్డులో పెట్టి, తండ్రీకొడుకులిద్దరి జ్ఞాపకార్థం దండ వేసి, ఏటా దసరాకి పూజ చెయ్యాలి. అందరూ కళ్లు తుడుచుకుని తలలు ఊపారు. లోపలి గదిలోంచి వదిన మాట వినబడింది. పెళ్లయి వచ్చాక మగవాళ్ల మధ్య ఆమె గొంతు విప్పడం అదే మొదలు.

"రేపు అప్పారావు మేస్త్రిని రమ్మన్నాను మావయ్యా. మడ్‌గార్డులు కోయించేత్తన్నాను."

చిన్నాన్న తెల్లబోయాడు. "ఏడాది తిరక్కుండా శుభకార్యాలు సెయ్యకూడదమ్మా."

"ఇది శుభకార్యం కాదు మావయ్యా. ఆయన పని."

మర్నాడు మేస్త్రి వచ్చాడు. అన్నయ్య గీసిన గీత వానకి వెలిసిపోయినా ఇంకా కనబడుతోంది. మేస్త్రి ఆ గీత మీదనే కోశాడు. అంచు మడిచి, పెద్ద టైర్లు బిగించి, స్టీరింగు అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూశాడు. ఎక్కడా రాసుకోలేదు. ఫాల్గుణం నుంచి ఆషాఢం దాకా మా వంశం తేల్చుకోలేని సంగతి మధ్యాహ్నం భోజనాల వేళకి పూర్తయిపోయింది. వదిన అతనికి వడ్డించడానికి లోపలికి వెళ్లింది.

ఇప్పుడు జీపు మా వాకిట్లో కొత్త టైర్ల మీద ఎత్తుగా నిలబడి ఉంది. ఎంత లోతు గాడినైనా దాటగలదు. కాని కబురు వస్తే, అన్నం ముందు నుంచి లేచి దాన్ని తోలే మనిషి మా ప్రాంతంలో లేడు. కొందరిని అడిగాం. చూద్దామన్నారు. ఆ మాట మాకు బాగా అలవాటే. మా అన్నయ్య స్థానం ఎవరూ పూరించలేరని సభలో ఏడుగురో ఎనమండుగురో వక్తలు గద్గదస్వరంతో అన్నారు. వాళ్లకి తెలియకుండానే నిజం చెప్పారు.

సంచిక మొదటి పుటలో అన్నయ్య ఫొటో వేస్తారట, కింద శ్లోకం ఏదైనా సూచించమన్నారు. శ్లోకం వద్దు. కోసిన రేకు ముక్క ఒకటి నా బల్ల మీద ఉంది. ఒక అంచున అన్నయ్య సుద్దగీత, రేకంతా మా పిన్నమ్మ పూసిన పసుపు. అక్షరాలు దిద్దే నా వేళ్లు నాలుగు దాని మీద అడ్డంగా పెడితే వెడల్పు సరిపోతుంది. ఆ మహానుభావుడికి నివాళి అర్పించదలచిన పెద్దలందరూ ఒకసారి మా ఇంటికి వచ్చి దీన్ని చేత్తో పట్టుకుని చూడండి. మా అన్నయ్య బతకడానికి అడ్డంపడ్డది ఇంతే.